మీర్ చాకర్ సమాధి: పాట బలూచిస్తాన్‌లో, గోరీ పంజాబ్‌లో

పాకిస్తాన్ పంజాబ్‌లో, లాహోరుకు నైరుతిగా ఒకాడా జిల్లా ఉంది. ఆ జిల్లాలో రావి నది పాత గట్టు మీద సత్‌ఘరా అనే ఊరు. ఒరిగిపోతున్న పాత ఇటుక కోటగోడలు, ఆ గోడలకు ఆనుకుని కట్టుకున్న ఇళ్లు, వాటి మధ్య గుమ్మటం పోగొట్టుకున్న ఎనిమిది పలకల సమాధి మందిరం. బలోచ్ జనం తమ చరిత్రలో అందరికన్నా పెద్ద నాయకుడిగా తలచుకునే మీర్ చాకర్ ఖాన్ రింద్ గోరీ అదే.

ఆ మందిరం ఫోటో బయటికి వచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు లేస్తాయి. బలోచ్ నాయకుడి సమాధి పంజాబ్‌లో ఎందుకుంది? గుమ్మటాన్ని ఎవరు తీసేశారు? ఇన్ని తరాలు ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు? వీటికి జవాబులుగా తిరిగే మాటల్లో కొన్ని ఆధారాల ముందు నిలబడతాయి, కొన్ని నిలబడవు. నిర్లక్ష్యం అనే ఒక్క మాట కింద చరిత్ర, నేల, చట్టం అన్నీ కలిసిపోయి ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కటే విడదీసి చూడాలి.

చాకర్ ఎవరు, ముప్పై ఏళ్ల యుద్ధం ఏమిటి

బలోచ్ తెగలకు పెద్దను సర్దార్ అనీ, పంజాబ్ వైపు తుమన్‌దార్ అనీ అంటారు. చాకర్ రింద్ తెగకు పెద్ద. బలూచిస్తాన్ దక్షిణ తీరమైన మక్రాన్ నుంచి తూర్పుకు కదిలి వచ్చిన రింద్‌లు నేటి బలూచిస్తాన్‌లోని సిబీ పట్టణాన్ని కేంద్రం చేసుకున్నారు. బోలన్ కనుమ కిందకు దిగేచోట ఉన్న ఊరది. పక్కనే ఉన్న కచ్ఛీ మైదానంలో లాషారీ తెగ ఉండేది, వాళ్లకు పెద్ద మీర్ గ్వహరామ్. రెండు తెగలూ ఒకే మూలం నుంచి వచ్చినట్టు చెప్పుకుంటాయి.

తగువు గోహర్ అనే స్త్రీ దగ్గర మొదలైందని పాటలు చెబుతాయి. ఆమెకు ఒంటెల మందలుండేవి. లాషారీల నుంచి తప్పించుకుని వచ్చి చాకర్ నీడన చేరింది. శరణు వేడి వచ్చినవారిని బలోచ్‌లు బాహోట్ అంటారు. బాహోట్‌కు హాని జరిగితే అది ఆశ్రయమిచ్చినవాడికి జరిగినట్టే లెక్క. ఒక గుర్రప్పందెంలో గెలుపోటముల మీద మాటామాటా పెరిగి, లాషారీ కుర్రాళ్లు కోపంతో వెళుతూ వెళుతూ గోహర్ ఒంటె పిల్లల్ని చంపేశారు. తల్లి ఒంటెల పొదుగుల నుంచి పాలు కారిపోతుంటే చూసిన చాకర్ సంగతి ఆరా తీశాడట. అక్కడి నుంచి రెండు తెగలూ నాశనమయ్యేదాకా పోరు ఆగలేదు. నలీ దగ్గర జరిగిన పోరాటంలో రింద్‌లు ఓడిపోయారు. నోద్‌బందగ్ అనే లాషారీ వీరుడే తన గుర్రం ఫుల్‌ను ఇచ్చి చాకర్‌ను ప్రాణాలతో పంపించాడు. అతని తల్లి రింద్ ఆడపడుచు. శత్రువు ఇచ్చిన గుర్రం మీద నాయకుడు బయటపడ్డ ఈ ఘట్టాన్ని బలోచ్ గాయకులు తరతరాలుగా పాడుతూనే ఉన్నారు.

ముప్పై ఏళ్లన్నది పాటలు ఇచ్చే లెక్క. సుమారు 15వ శతాబ్దం చివరి దశకాల్లో మొదలై 16వ శతాబ్దం తొలి దశకాల దాకా సాగిందనుకోవచ్చు కానీ, మొదటి రోజూ చివరి రోజూ పట్టి చెప్పేంత ఆధారం లేదు. గెలిచినవాళ్లూ మిగల్లేదు. రింద్‌లలో పెద్ద భాగం సిబీ వదిలి తూర్పుకు, సింధు నది దాటి పంజాబ్‌కు తరలిపోయింది.

మూడు రకాల ఆధారాలు

చాకర్ గురించి మనకు తెలిసిందంతా మూడు చోట్ల నుంచి వస్తుంది. ఒక్కోదాని బలం ఒక్కోలా ఉంటుంది.

మొదటిది పాటలు. నోటినోటా వచ్చిన వీటిని బ్రిటిష్ అధికారి లాంగ్‌వర్త్ డేమ్స్ సేకరించి 1907లో అచ్చు వేయించాడు. మనుషుల పేర్లు, పౌరుషాలు, నిందలు, బంధుత్వాలు పాటల్లో పదిలంగా ఉంటాయి. సంవత్సరాలు ఉండవు.

రెండోది ఫిరిష్తా అనే చరిత్రకారుడి రాత. 17వ శతాబ్దం తొలినాళ్లలో బిజాపూరులో, రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కొలువులో కూర్చుని రాసిన చరిత్ర అది. ముల్తాన్‌ను ఏలిన లంగా వంశపు సుల్తానుల భాగంలో చాకర్ కనిపిస్తాడు. సిబీ నుంచి కొడుకులతో సహా వచ్చి ముల్తాన్‌లో కొలువూ భూమీ అడిగాడు. అప్పటికే అక్కడ పాతుకుపోయిన మరో బలోచ్ పెద్ద సొహ్రాబ్ దోదాయీకి ఇతని రాక నచ్చలేదు. చివరకు షోర్ ప్రాంతం చేతిలో ఉన్న జామ్ బాయజీద్ తన జాగీరులోంచి కొంత భూమి విడదీసి ఇచ్చాడు. పాటల్లోని మహావీరుడు ఇక్కడ బతుకుతెరువు కోసం వచ్చిన వలస నాయకుడు. బలోచ్‌లకే బలోచ్‌లు అడ్డుపడటం కూడా ఇందులో ఉంది. పాటల గాలికి ఇది భిన్నంగా ఉన్నా, వలస వచ్చిన ఏ తెగ కథకైనా ఇదే సహజంగా అనిపిస్తుంది.

మూడోది అబ్బాస్ ఖాన్ సర్వానీ రాత. షేర్‌షా సూరి చరిత్రను అక్బర్ కాలంలో రాసినవాడు. 1543లో షేర్‌షా పంజాబ్ సుబేదారు హైబత్ ఖాన్ నియాజీ, బాటసారుల్ని దోచుకుంటున్న కోట్ కబూలా నాయకుడు ఫతే ఖాన్ జాట్ మీదికి బయల్దేరాడు. దారిలో సత్‌ఘరాకు వచ్చాడు. అక్కడ ఉన్నది చాకర్ రింద్. సుబేదారు హఠాత్తుగా ఊడిపడేసరికి చాకర్ కంగారుపడ్డాడు. నీ సైన్యాన్ని ఇక్కడ చూడను, దీపాల్‌పూర్‌లో చూస్తాను, ఆలస్యమైతే ఫతే ఖాన్ జారుకుంటాడని చెప్పి హైబత్ ఖాన్ ముందుకు కదిలాడు. చాకర్‌నూ సత్‌ఘరానూ ఒకే వాక్యంలో, ఒకే సంవత్సరంలో కలిపి చూపించే ఆధారం ఇదే. కాబట్టి మిగతా వాదాలన్నిటినీ దీని పక్కన పెట్టి కొలవాలి.

సత్‌ఘరా హుమాయూన్ ఇచ్చిన జాగీరేనా

ఎక్కువగా వినిపించే కథ ఇది: షేర్‌షాకు సాయం చేయడానికి చాకర్ ఒప్పుకోలేదు. 1555లో హుమాయూన్ ఢిల్లీని తిరిగి గెలుచుకోవడానికి వచ్చినప్పుడు చాకర్, అతని కొడుకు షహ్‌దాద్ బలోచ్ సేనతో కలిశారు. అందుకు బహుమానంగా హుమాయూన్ పెద్ద జాగీరు ఇచ్చాడు. చాకర్ సత్‌ఘరాలో స్థిరపడి 1565లో కన్నుమూశాడు.

దీన్ని తేదీలతో సరిచూద్దాం. చాకర్ పుట్టుకకు సాధారణంగా చెప్పే సంవత్సరం 1468. అలాగైతే 1555లో అతనికి 87 ఏళ్లు, 1565లో 97. అసాధ్యమని కాదు. కానీ 87 ఏళ్ల మనిషి సేనను నడిపించాడనడం కంటే, కొడుకు నడిపించాడు, పేరు తండ్రిది అనడం నమ్మదగినది. షహ్‌దాద్ పేరు కథలో అంత గట్టిగా వినిపించడానికి కారణం అదే కావచ్చు.

ఇక జాగీరు సంగతి. 1543లోనే చాకర్ సత్‌ఘరాలో ఉన్నాడు. హుమాయూన్ తిరిగి వచ్చింది 12 ఏళ్ల తర్వాత. అంటే 1555లో ఇచ్చిన జాగీరు వల్ల చాకర్ సత్‌ఘరాకు వచ్చాడన్న మాట నిలవదు. అప్పటికే చేతిలో ఉన్న ఊరిని మొఘల్ పాదుషా ఖాయం చేసి, దానికి చుట్టుపక్కల భూములు కలిపాడంటే మాత్రం రెండు ఆధారాలూ పొసుగుతాయి. కొత్త పాలకుడు వచ్చినప్పుడు పాత అనుభవదారుకే పట్టా రాసివ్వడం ఆనాటి మామూలు పద్ధతి.

షేర్‌షాకు తలవంచలేదన్న మాటా అంతే. పాటలూ వాటి మీద ఆధారపడ్డ నేటి రాతలూ నిరాకరణ అంటాయి. షేర్‌షా వైపు చరిత్రకారుడేమో సుబేదారు సైన్యం చూపించమంటే ఉలిక్కిపడ్డ సామంతుణ్ణి చూపిస్తాడు. ఇద్దరికీ పక్షపాతం ఉంది. రహదారి మీద ఉన్న చిన్న కోట యజమాని, లోపల ఏమనుకున్నా, సుబేదారు గుమ్మం ముందు నిలబడితే ఔననడం తప్ప వేరే దారి ఉండదు. రెండు కథనాలూ ఒకే మనిషి గురించి నిజం కావచ్చు.

సత్‌ఘరా చాకర్‌తో పుట్టిన ఊరు కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఊరి చుట్టూ పాటిదిబ్బలున్నాయి. అక్కడ దొరికిన నాణేలను బట్టి కుషాణుల కాలానికే జనావాసం ఉందని బ్రిటిష్ కాలపు గెజెటీర్ రాసింది. సమాధి ఒక్కటే కాకుండా కోట, దిబ్బలు కలిపి మొత్తం ఒక పురావస్తు స్థలమన్నమాట. నిర్లక్ష్యం గురించి మాట్లాడేవాళ్లు సమాధి దగ్గరే ఆగిపోతే సగం నష్టం కంటికి కనిపించదు.

ఎనిమిది పలకలు ఎందుకు

నలుచదరపు గది మీద గుండ్రటి గుమ్మటం నేరుగా కూర్చోదు. మూలల్లో ఖాళీ మిగిలిపోతుంది. ఆ మూలల్ని కమానులతో కోసి నాలుగు పక్కల్ని ఎనిమిది చేస్తే, ఎనిమిదిని పదహారు చేయడం, అక్కడి నుంచి గుండ్రం చేయడం సులువు. ముల్తాన్ మేస్త్రీలు ఇంకో అడుగు ముందుకేసి నేల నుంచే ఎనిమిది పలకలు కట్టారు. 14వ శతాబ్దం తొలి పాదంలో లేచిన షా రుక్నె ఆలం సమాధి ఆ పద్ధతికి మేటి. సత్‌ఘరా మందిరం అదే కుదురుకు చెందిన చిన్న, సాదా కట్టడం.

ఈ రకం కట్టడంలో ఇటుక, సున్నం రెండే ప్రాణం. నేటి ఇటుకలో సగం మందం కూడా లేని పలచటి ఇటుకలు. వాటి మధ్య సున్నంలో సుర్కీ, అంటే దంచిన ఇటుక పొడి, కలిపిన అడుసు. పలచటి ఇటుక కాబట్టి కమాను ఒంపు తిరగడం తేలిక. కానీ గోడలో సున్నం వాటా పెరుగుతుంది. ఆ సున్నం కరిగితే గోడ బలమే పోతుంది.

గుమ్మటం కేవలం అందం కోసం కాదు. అది గోడల్ని బయటికి నెడుతుంది, అదే సమయంలో బరువుతో కిందికి అదిమి ఉంచుతుంది. దాన్ని తీసేస్తే నెట్టుడు పోతుంది నిజమే. కానీ గోడల నెత్తి తెరుచుకుంటుంది. వాననీరు పైనుంచి గోడ మధ్యలోకి దిగి సున్నాన్ని కడిగేస్తుంది. పక్షులు వేసిన రావి విత్తనం ఆ తడిలో మొలుస్తుంది, వేరు ఇటుకల మధ్యకు పోతుంది. కొమ్మ నరికితే వేరు మరింత లావవుతుంది. నిండుగా ఉన్న కట్టడం మూడొందల ఏళ్లలో పడే దెబ్బను నెత్తి తెరుచుకున్న కట్టడం కొన్ని దశాబ్దాల్లోనే తింటుంది.

గుమ్మటం ఎలా పోయిందో తేల్చడం

ఊళ్లో చెప్పుకునే మాట: రంజిత్ సింగ్ కాలంలో సిక్కు సైనికులు గుమ్మటాన్ని తొలగించారు. 18వ శతాబ్దం నుంచి 1849 దాకా ఈ ప్రాంతం సిక్కు సర్దారుల చేతుల్లో, తర్వాత లాహోర్ దర్బారు కింద ఉంది. సమాధుల్ని కోటలుగా, మందుగుండు గదులుగా, నివాసాలుగా వాడుకున్న ఉదాహరణలు లాహోరులో చాలా ఉన్నాయి. కాబట్టి ఈ మాటను కొట్టిపారేయలేం.

ఇంకో సంభావ్యత కూడా అంతే బలమైనది. ఈ మండలంలో కాల్చిన ఇటుక ఎప్పుడూ విలువైన సరుకు. ఇక్కడికి నూరు కిలోమీటర్ల లోపే ఉన్న హరప్పా దిబ్బల్ని 19వ శతాబ్దంలో లాహోర్-ముల్తాన్ రైలు కట్ట కోసం బళ్ల కొద్దీ తవ్వి తీసుకుపోయారు. సర్కారే అంత చేస్తే, ఇల్లు కట్టుకునే రైతు విడిపోయిన గుమ్మటం ఇటుకను వదులుతాడా? మూడోది, సున్నం కరిగి దానంతట అదే కూలడం.

ఈ మూడింటినీ వేరు చేయగల సాక్ష్యం కట్టడంలోనే ఉంటుంది. గుమ్మటం తనంతట కూలితే శిథిలం లోపలే పడుతుంది, గోరీ చుట్టూ పాత నేల మీద ఆ పొర దొరకాలి. గునపాలతో విప్పితే గుమ్మటం మొదలయ్యే వరుస దాదాపు సమంగా తెగుతుంది, ఇటుక అంచుల మీద దెబ్బలుంటాయి. మెల్లమెల్లగా ఇటుక దొంగిలిస్తే పైనుంచి కిందికి, చేతికి అందే వైపు ఎక్కువగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకే మరమ్మతుకు ముందు చేసే కొలతలు, ఫోటోలు, నేల పొరల పరిశీలన ఇంత ముఖ్యం. గోడ పైవరుసను కొత్త ఇటుకతో నున్నగా చదును చేసిన రోజునే ఈ ప్రశ్నకు జవాబు పోతుంది. ఎవరి మీద నింద వేయాలన్నా, ఎవరిని నిందవిముక్తుల్ని చేయాలన్నా ఆ పైవరుస చెప్పే సాక్ష్యమే దిక్కు.

ఇటుకను లోపల్నుంచి తినే ఉప్పు

మనుషులు చేసిన నష్టం కంటికి కనిపిస్తుంది. నేల చేసేది కనిపించదు.

1913లో లోయర్ బారీ దోఆబ్ కాలువ తెరిచారు. దోఆబ్ అంటే రెండు నదుల మధ్య నేల. బల్లోకీ దగ్గర మొదలయ్యే ఈ కాలువ బీడుగా ఉన్న ఈ ప్రాంతాన్ని పంట భూమిగా మార్చింది. ఒకాడా ఎదిగింది ఆ నీళ్లతోనే. కాలువ పారుదల ఉన్నచోట భూగర్భ జలం పైకి వస్తుంది. పంజాబ్ నేలలో కలిసి ఉన్న లవణాలు ఆ నీటిలో కరిగి పైకి వస్తాయి. నేల మీద తెల్లగా పూసే ఈ ఉప్పును అక్కడి రైతులు కల్లర్ అంటారు. మన చవుడు లాంటిదే.

దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక గోడ నేలలోని తడిని పైకి పీలుస్తుంది. మామూలుగా మీటరు, మీటరున్నర ఎత్తు దాకా. ఆ ఎత్తులో తడి ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఇటుక రంధ్రాల్లో స్ఫటికాలుగా గట్టిపడుతుంది. వీటిలో సోడియం సల్ఫేట్ మరీ ప్రమాదం. పొడిగా ఉన్నప్పుడు ఒక రూపం. 32 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లబడి తేమ తగిలితే ఒక్కో అణువు పది నీటి అణువుల్ని కలుపుకుంటుంది, ఘనపరిమాణం మూడింతలు దాటుతుంది. పగలు ఎండ, రాత్రి చల్లదనం, పొద్దున మంచు. ఉబ్బడం, ఆరడం, మళ్లీ ఉబ్బడం. ఇటుక పెళుసుబారి పెచ్చులుగా ఊడి, చేత్తో తుడిస్తే పిండిలా రాలుతుంది. పాత గోడల అడుగు భాగం లోపలికి తరిగిపోయి, పైభాగం బయటికి వేలాడుతున్నట్టు కనిపించేది ఇందువల్లే. హరప్పాలో ఈ జబ్బు మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. సత్‌ఘరా ఉన్నదీ అదే దోఆబ్‌లో.

వాన తక్కువ పడే చోటు కాబట్టి పాత కట్టడాలకు మంచిదేననిపిస్తుంది. నిజానికి గట్టి వానలు పడితే ఉప్పు కొంతైనా కడుక్కుపోయేది. వాన తక్కువ, నేలతడి ఎక్కువ కావడం ఇటుకకు అన్నిటికన్నా చెడ్డ కలయిక. గోడ పక్కనే ఇళ్ల మురుగు పారినా, పశువుల్ని కట్టేసినా నైట్రేట్లు తోడై పని ఇంకా వేగంగా సాగుతుంది.

సిమెంటు పూత చేసే చేటు

పెచ్చులూడిన గోడ చూడగానే అందరికీ తోచేది సిమెంటు. పని రెండు రోజుల్లో అయిపోతుంది, గట్టిగా కనిపిస్తుంది, బిల్లుకూ బాగుంటుంది. తర్వాత జరిగేది వేరు. సిమెంటు తడిని బయటికి పోనివ్వదు. మీటరు ఎత్తులో ఆరిపోవాల్సిన నీరు దారి లేక పూత అంచు దాకా, రెండు మీటర్ల పైకి ఎక్కుతుంది. అక్కడ కొత్త ఇటుక తినడం మొదలవుతుంది. సిమెంటులో సొంతంగా కరిగే లవణాలు కూడా ఉన్నాయి, అవి పాత ఇటుకలోకి దిగుతాయి. నాలుగేళ్లకో ఆరేళ్లకో పూత పలకలుగా ఊడిపోతూ తనకు అతుక్కున్న పాత ఇటుక ముఖాన్ని కూడా లాక్కుపోతుంది.

ఇది తెలుగువారికి దూరపు సంగతి కాదు. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల మీద 20వ శతాబ్దంలో వేసిన సిమెంటును, 2013లో ఆగా ఖాన్ సంస్కృతి ట్రస్టు చేపట్టిన పనుల్లో ఓపిగ్గా ఒలిచి, మళ్లీ సున్నం వేయాల్సి వచ్చింది. మన మేస్త్రీలు డంగు సున్నం అనే పదార్థమే అక్కడా కావలసింది. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాల్చి, నీళ్లలో విరిచి, వారాల తరబడి తడిలో నానబెట్టి, ఒక పాలుకు రెండు మూడు పాళ్ల ఇసుకో సుర్కీయో కలిపి గానుగలో ఆడించాలి. మన వైపు కరక్కాయ నీళ్లు, బెల్లం కలుపుతారు. ఇటుకల్ని ముందే నీళ్లలో నానబెట్టకపోతే అవి అడుసులోని తడిని పీల్చేస్తాయి, సున్నం గట్టిపడకుండా పొడిగా మిగులుతుంది. వేశాక వారాల పాటు తడి గోనెలు కప్పాలి, ఎందుకంటే సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, అదీ తేమ ఉన్నప్పుడే. మే నెల పంజాబ్ ఎండలో ఈ పని మొదలుపెడితే మొత్తం వృథా. బడ్జెట్ సంవత్సరం జూన్ చివర ముగుస్తుంది కాబట్టి ఖర్చు చూపించే తొందరంతా సరిగ్గా ఆ వేడిలోనే వస్తుంది. పాత కట్టడాలకు ఖజానా క్యాలెండరు చేసే హాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

చట్టం ఏమంటుంది, ఎక్కడ జారిపోతుంది

పాకిస్తాన్‌లో 1975 నాటి పురావస్తు చట్టం రక్షిత కట్టడానికి 200 అడుగుల లోపు కొత్త నిర్మాణాన్ని నిషేధిస్తుంది. భారత్‌లో 2010 సవరణ తర్వాత 100 మీటర్ల దాకా నిషేధం, ఆ హద్దు దాటాక మరో 200 మీటర్ల మేర అనుమతితోనే. తేడా ఎంతో లెక్క కడితే తెలుస్తుంది. 200 అడుగులంటే 61 మీటర్లు. ఒక బిందువు చుట్టూ గీస్తే దాదాపు 2.9 ఎకరాలు. 100 మీటర్లయితే 7.8 ఎకరాలు. అంటే చార్మినార్ చుట్టూ మన చట్టం కాపాడమనే నేలలో సగం కూడా అక్కడి చట్టం అడగడం లేదు.

అయినా అసలు చిక్కు దూరంలో లేదు. చట్టం ఆపేది కొత్త నిర్మాణాన్ని. సత్‌ఘరాలో ఇళ్లు తరాల క్రితమే కోట లోపలికి వచ్చాయి. తాత కట్టిన మట్టి గోడను మనవడు ఇటుకతో కడితే అది కొత్తదా, పాతదానికి మరమ్మతా? పాత కోట ఇటుకనే ఆ గోడలో వాడితే అది దొంగతనమా? రెవెన్యూ రికార్డుల్లో ఊరి నివాసస్థలంగా రాసి ఉన్న నేల మీద పురావస్తు శాఖ ఎలా అడ్డుపడుతుంది? ఊరివాళ్లను ఆక్రమణదారులని పిలవడం తేలిక. వాళ్ల వైపు నుంచి చూస్తే ఆ కోట వాళ్ల పుట్టిల్లు, రక్షణ పేరుతో వచ్చిన ప్రతి బోర్డూ ఇల్లు ఖాళీ చేయమనే హెచ్చరిక. వాళ్లకు వేరే స్థలమూ పరిహారమూ చూపకుండా కోటను కాపాడడం జరిగే పని కాదు.

2010లో వచ్చిన 18వ రాజ్యాంగ సవరణతో పురావస్తు బాధ్యత చాలావరకు కేంద్రం నుంచి రాష్ట్రాలకు మారింది. సత్‌ఘరా పంజాబ్ ప్రభుత్వ బాధ్యత అయింది. లాహోర్ కోట, షాలిమార్ తోట, ముల్తాన్ దర్గాలు, హరప్పా, తక్షశిల అన్నీ ఉన్న రాష్ట్రమది. ఆ వరుసలో గుమ్మటం లేని ఒక పల్లెటూరి సమాధి ఎక్కడో చివర నిలుస్తుంది. బలూచిస్తాన్ ప్రభుత్వానికి చాకర్ పేరంటే ప్రాణం కానీ, పక్క రాష్ట్రంలోని కట్టడం దాని బాధ్యత కాదు.

దర్గాకు దక్కినది సర్దారుకు ఎందుకు దక్కలేదు

సత్‌ఘరా నిర్లక్ష్యానికి అసలు కారణం ఇక్కడుంది. షా రుక్నె ఆలం సమాధి కూడా ఇటుక కట్టడమే, ఎనిమిది పలకలదే, అదే ఉప్పు నేల మీదే ఉంది, పైగా రెండొందల ఏళ్లు పెద్దది. 1970లలో దాన్ని మొత్తంగా బాగుచేశారు. ఆ పనికి 1983లో ఆగా ఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. తేడా ఏమిటంటే, అది సూఫీ పీరు దర్గా. ఏటా ఉర్సు జరుగుతుంది, లక్షల మంది వస్తారు, హుండీ నిండుతుంది. ఆ ఆదాయం ఔకాఫ్ శాఖకు చేరుతుంది. మన దేవాదాయ శాఖ చేసే పనినే అక్కడ ముస్లిం పుణ్యస్థలాలకు ఆ శాఖ చేస్తుంది. గోడ పెచ్చు ఊడితే మరుసటి శుక్రవారమే వెయ్యి మంది చూస్తారు.

తెగ నాయకుడి సమాధికి అవేవీ ఉండవు. మొక్కులు లేవు, ముజావర్లు లేరు. దాన్ని కాపాడేది వారసుల అభిమానమొక్కటే. చాకర్ విషయంలో ఆ వారసులు సిబీ వైపు ఉన్నారు, సూటిగా కొలిచినా 500 కిలోమీటర్లకు పైగా దూరం. చుట్టుపక్కల ఉన్న బలోచ్ వంశాలు ఎప్పుడో పంజాబీ మాట్లాడే రైతులైపోయాయి. బలూచిస్తాన్‌లోని సిబీలోనూ, పంజాబ్‌లోని డేరా ఘాజీ ఖాన్‌లోనూ చాకర్ పేరు మీద విశ్వవిద్యాలయాలు వెలిశాయి. పేరు మీద అంత గౌరవం ఉండి గోరీ మీద ఇంత తక్కువ ఖర్చు పడటం చూస్తే బాధ కలుగుతుంది.

ఇది ఈ ఒక్క సమాధి కథ కాదు. 1783 నుంచి 1843 దాకా సింధును ఏలిన తాల్పూర్ మీర్లు కూడా బలోచ్ మూలం వాళ్లే. సింధు హైదరాబాద్‌లో ఉన్న వాళ్ల సమాధులు ఎంతో నాజూకు పనితనం ఉన్నవి, అవీ ఇలాంటి ఇబ్బందుల్లోనే పడ్డాయి. రాజ్యం పోయాక రాజుల సమాధుల్ని చూసే దిక్కుండదు.

ఈ నిర్లక్ష్యం కావాలని చేసిందేనని వాదించే బలోచ్‌లున్నారు. తమ చరిత్రకు పంజాబ్‌లో చోటు ఇవ్వరని, బడిపుస్తకాల్లోనూ ఇదే ధోరణి అని అంటారు. బలూచిస్తాన్ మొత్తం చరిత్ర చూస్తే ఆ అనుమానానికి మూలం అర్థమవుతుంది. అయితే అదే పంజాబ్‌లో, పంజాబీలవే అయిన వందల సమాధులు, హవేలీలు ఇంతకంటే హీనంగా ఉన్నాయి. పక్షపాతం ఉన్నా లేకపోయినా, ఆదాయం లేని కట్టడం దిక్కులేనిదవుతుందన్నది మాత్రం చేతిలో ఉన్న ఆధారాలతో చూపించగలిగిన కారణం.

గుమ్మటం మళ్లీ కట్టాలా

మరమ్మతు మాట వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న దగ్గర పీటముడి పడుతుంది. ఒక వర్గం కట్టాలంటుంది. గుమ్మటం లేని సమాధి అవమానంలా కనిపిస్తుంది, పైగా కప్పు ఉంటే గోడలకు రక్ష. ముల్తాన్‌లో కాశీ పలకల (రంగురంగుల మెరుగు పెంకుల) పనివాళ్లు, ఇటుక మేస్త్రీలు ఇంకా ఉన్నారు కదా అంటారు. రెండో వర్గం పాత కట్టడాల సంరక్షణకు అంతర్జాతీయ సూత్రాలు చెప్పే 1964 వెనిస్ ఒప్పందాన్ని చూపిస్తుంది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. పాత గుమ్మటం ఎత్తెంత, ఒంపెంత, పైన పలకలు ఉన్నాయా లేవా తెలియనప్పుడు కట్టేది కొత్త కట్టడమే తప్ప చాకర్ సమాధి కాదు.

గోడల బలం లెక్కగట్టకుండా గుమ్మటం వేయడం ప్రమాదమని ఇరువైపుల ఇంజనీర్లూ ఒప్పుకోవాల్సిందే. అడుగున ఉప్పు తిన్న ఇటుక మీద పదుల టన్నుల కొత్త బరువు పెడితే గోడ పగుళ్లిస్తుంది. మధ్యేమార్గంగా గోడల నెత్తిన సున్నంతో వాలు పూత వేసి నీరు బయటికి జారేలా చేయడం, లేదా గోడల మీద బరువు పడకుండా విడి స్తంభాల మీద తేలికపాటి కప్పు వేయడం ఉన్నాయి. రెండోది కంటికి ఇంపుగా ఉండదు. కానీ రేపు పాత ఫోటోనో, పాత కొలతల కాగితమో దొరికి గుమ్మటం రూపం తెలిస్తే దాన్ని తీసేసి ఆ ప్రకారం కట్టుకోవచ్చు. కాంక్రీటు గుమ్మటం వేశాక వెనక్కి తిరిగే దారి ఉండదు.

ఏ వైపు వాదన గెలిచినా ముందుగా జరగాల్సిన పనులు ఒకటే. సమాధి పైవరుసను కొలిచి గీయడం, గోడల అడుగున ఎంత ఎత్తు దాకా ఏ ఉప్పు ఉందో నమూనాలు తీయడం, ఇళ్ల మురుగును గోడకు దూరంగా మళ్లించడం, కోట హద్దును రెవెన్యూ పటంలో తేదీ వేసి గుర్తించడం. గుమ్మటం ఖర్చు ముందు ఇవి చాలా చిన్న మొత్తాలు. శంకుస్థాపన ఫలకం మీద పేరు చెక్కించుకునే అవకాశం మాత్రం వీటిలో ఏ పనికీ లేదు, అందుకే ఏ ప్రకటనలోనూ ఇవి ముందు కనిపించవు.